ఆఖర్న వచ్చినా సరే

ఢిల్లీరావు మాస్టారు విశాఖపట్నంలో రెండు రోజుల ట్రైనింగుకి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ పలాస రైల్వే గ్రౌండులో ఎవరికీ మనశ్శాంతి లేకుండా పోయింది.

ఆయన మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. పేరు ఢిల్లీరావే గాని సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా ఢిల్లీలో పోస్టింగు పడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. పెన్షను వస్తోంది, కాళ్ళు మాత్రం ఇంట్లో ఊరుకోవు. అందుకని పొద్దున్నే గ్రౌండుకొచ్చి, పోలీసు, మిలిటరీ సెలెక్షన్లకి వెళ్ళే కుర్రాళ్ళనీ, ఆటల పోటీలకి వెళ్ళే పిల్లల్నీ పోగేసి పరిగెత్తించేవాడు. ఫీజు లేదు. తిట్లు కూడా ఉచితమే.

విశాఖలో కోటు వేసుకున్నాయన ఒకడు ఆటగాళ్ళకి గోల్ సెట్టింగు గురించి క్లాసు చెప్పాడట. గోలు లేని ఆటగాడు స్టీరింగు లేని లారీ అన్నాడట. ఢిల్లీరావు ఆ మాట రైల్లో ఎదురు సీటువాళ్ళకి చెప్పి, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడికి చెప్పి, ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా భార్య నీలవేణికి చెప్పాడు.

"ఇన్నాల్లూ మనకి గోలు నేదే. అందుకే ఇలాగున్నాం."

నీలవేణి చేటలో బియ్యం ఏరుకుంటోంది. "నేకపోడమేటండీ. మీరున్నంతసేపూ ఇంట్లో గోలే కదా," అంది.

"గోల కాదే, గోలు! నీ జీవితంలో నీకు గోలేటి? కల్లు మూసుకుని సెప్పు."

ఆవిడ నిజంగానే కళ్ళు మూసుకుంది. "మీరు విశాపట్నంలో ఇంకో రెండ్రోజులుంతే బాగుండును. అదే కనిపించింది," అంది.

మర్నాడు పొద్దున గ్రౌండులో పిల్లలందర్నీ సూర్యుడికి ఎదురుగా వరసగా నిలబెట్టాడు. కళ్ళు మూసుకుని ఎవరి గోలు వాళ్ళు గట్టిగా అరవాలి. ఒకడు "కానిస్టేబుల్!" అని అరిచాడు. ఒకడు "అగ్నివీర్!" అన్నాడు. మూడోవాడు "పెళ్ళి!" అన్నాడు, వాణ్ణి రెండు రౌండ్లు అదనంగా పరిగెత్తించాడు. పక్క పట్టాల మీద వెళ్తున్న గూడ్సు బండి గార్డు, వీళ్ళెవరో తనకే జేజేలు పలుకుతున్నారనుకుని పచ్చజెండా ఊపాడు.

మోహిని వంతు వచ్చింది.

"నీ గోలేటి?"

"తెలీదు సార్."

"తెలీకపోడమేటి? మరి రోజూ ఎందుకొత్తన్నావు?"

"మీరు నడవమన్నారు. నడత్తన్నాను."

ఆ మాట నిజమే. మోహిని వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపొడ్డు ఊరి పిల్ల. పలాసలో డిగ్రీ చదువుతోంది. తండ్రి గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికి పోయి, వానాకాలం వేట ఆపినప్పుడే ఇంటికొస్తాడు. తల్లి కాంతం కాశీబుగ్గ మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతుంది. మోహిని మొదట గ్రౌండుకి పరుగు కోసమే వచ్చింది. పరుగులో ముందూ ఉండదు, వెనకా ఉండదు, నడిమధ్యన ఎవరికీ కనపడకుండా ఉంటుంది. ఢిల్లీరావు కొన్నాళ్ళు చూసి, ఆ పిల్లని నడక పోటీలోకి మార్చాడు. కారణం గొప్పదేం కాదు. జిల్లాలో ఆడపిల్లల నడక పోటీకి దిగేవాళ్ళే తక్కువ. ముగ్గురు దిగితే మూడో స్థానం ఎలాగూ ఖాయం.

నడక పోటీ చూడనివాళ్ళకి అదేదో పార్కులో షుగరు తగ్గడానికి నడిచే నడక అనిపిస్తుంది. అలా ఉండదు. ఎప్పుడూ ఒక కాలు నేలమీద ఆని ఉండాలి. ముందుకేసిన కాలు నేల తాకాక మోకాలు దగ్గర వంగకూడదు. పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుంటుంది, పరిగెత్తకూడదు. అందువల్ల నడుం అటూ ఇటూ తిరుగుతుంది, చేతులు పంపుకొట్టినట్టు ఆడతాయి. బస్సు కదిలిపోతోంది, ఇటు చూస్తే కుచ్చిళ్ళు జారిపోతున్నాయి, ఆ రెండిటి మధ్యా ఇరుక్కున్న ఆడమనిషి నడకలా ఉంటుంది.

సాయంత్రం పూట మోహిని జీడితోటల మధ్య తారు రోడ్డు మీద అలా నడుస్తుంటే ఊరు ఊరంతా చూసింది. పక్కింటి సింహాచలమ్మ ఊరుకోలేక అడిగింది.

"ఏటే కాంతం, నీ గుంటకి నడుం పట్టేసిందేటి? తైలం రాయకపోయావా."

"ఆటంత. నడక ఆట. అలా నడిత్తే కప్పులిత్తారంత," అంది కాంతం.

"మరి నానూ పుట్టిన కాణ్ణుంచీ నడత్తన్నాను. నాకెవులూ గళాసైనా ఇవ్వనేదు."

ఇలాంటి పిల్లకి గోలు లేకపోతే ఎలా అని ఢిల్లీరావే ఒక గోలు పెట్టేశాడు. రాష్ట్ర పోటీల్లో బంగారు పతకం. రోజూ పళ్ళు తోముకునేటప్పుడు "గోల్డు, గోల్డు" అనుకోమన్నాడు. మోహిని అలాగే అనుకుంది. నోట్లో నురగ వల్ల అది "గొల్లు, గొల్లు" అని వినిపించి కాంతం రెండు మూడుసార్లు పరిగెత్తుకొచ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. జీడిపప్పు వ్యాపారం చేసే నారాయణరావు ఢిల్లీరావుకి చిన్నప్పటి స్నేహితుడు. పిల్లకి మంచి బూట్లు కొనిపెట్టమని అడిగితే బూట్లు కొన్నాడు, దాంతోపాటు ఒక ఫ్లెక్సీ కూడా కొట్టించి కాశీబుగ్గ మూడు రోడ్ల కూడలిలో కట్టించాడు. మధ్యలో నారాయణరావు చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆయన పక్కన జీడిపప్పు ప్యాకెట్టు. ప్యాకెట్టు కింద ఢిల్లీరావు మీసం. ఎడమవైపు మూల, ఆధార్ కార్డులో ఫొటో అంత మోహిని. "రాష్ట్ర స్వర్ణ పతకం సాధించబోతున్న మోహినికి ముందస్తు శుభాకాంక్షలు" అని పెద్ద పెద్ద అక్షరాలు.

ఆ ఫ్లెక్సీ పడ్డాక మోహిని బస్సెక్కితే కండక్టరు "ఏమ్మా, బంగారం ఎప్పుడు తెత్తన్నావు?" అనేవాడు. కాలేజీలో లెక్చరరు అడిగాడు. మార్కెట్లో కాంతం దగ్గర ఎండు నెత్తళ్ళు కొనేవాళ్ళంతా అడిగారు. వెరావల్ నుంచి తండ్రి ఫోను చేసి, "ఎవుడో ఫొటో పంపినాడే. నీ మొకం దొరకడానికి శానాసేపు ఎతికాను," అన్నాడు.

పోటీలు గుంటూరులో జరిగాయి. పది కిలోమీటర్ల నడక, ట్రాకు మీద ఇరవై అయిదు రౌండ్లు. తుపాకీ పేలగానే మోహిని అందరికంటే ముందుకి వెళ్ళిపోయింది. కంచె పట్టుకుని ఢిల్లీరావు "గోల్డే, గోల్డు!" అని అరుస్తున్నాడు. ట్రాకు చుట్టూ అక్కడక్కడా నిలబడ్డ జడ్జీల్లో ఒకాయన ఆమెకి పసుపు రంగు అట్ట చూపించాడు. దాని మీద పాము మెలికలా ఒక గీత. కాళ్ళు రెండూ గాల్లోకి లేస్తున్నాయి, జాగ్రత్త అని అర్థం. మోహినికి ఆ పాము కనిపించింది గాని చెవుల్లో గోల్డు ఉంది. వేగం తగ్గించలేదు. జడ్జీలు తప్పు ఖాయమనుకుంటే ఎర్ర కార్డు రాస్తారు, అవి బోర్డు మీద నంబరు పక్కన పడతాయి. ముగ్గురు జడ్జీలు మూడు రాస్తే పోటీలోంచి బయటికే. మోహినికి సగం రౌండ్లు కాకముందే మూడూ పడ్డాయి. పెద్ద జడ్జీ అడ్డంగా వచ్చి మొహం ముందు ఎర్ర అట్ట పెట్టాడు.

ఆమె ట్రాకు దిగి, నీళ్ళ బల్ల వెనక కూచుని బూట్లు విప్పేసింది. అందరికంటే ముందున్న మనిషిని ఆపేశారేమిటో మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తలెత్తాలనిపించలేదు.

ఢిల్లీరావు కంచె దూకి జడ్జీ మీదికి వెళ్ళాడు.

"ఆ అమ్మాయికి కాళ్ళు లేచాయండీ," అన్నాడు జడ్జీ.

"లేత్తే లేచాయయ్యా! ముందుంది కదా!"

ఆ వాదన ఎంతసేపు చేసినా జడ్జీకి నచ్చలేదు.

కాశీబుగ్గలో ఫ్లెక్సీ అలాగే ఉంది. గుంటూరులో ఏం జరిగిందో దానికి తెలియదు, ముందస్తుగానే నవ్వుతోంది. మార్కెట్లో ఒకావిడ చేపల బేరం ఆపి, "కాంతం, బంగారమేదే?" అని అడిగింది.

"బేంకులో ఎట్టాం," అంది కాంతం తలెత్తకుండా.

ఢిల్లీరావు మాత్రం మూడు రోజులు పడకకుర్చీలో పడుకుని బాగా ఆలోచించి, లోపం ఎక్కడుందో కనిపెట్టాడు. గోలు చిన్నదైపోయింది! రాష్ట్రం అనుకుంటే జిల్లాకి తగ్గ బలమే వస్తుంది. అందుకని ఈసారి ఒలింపిక్స్ పెట్టుకోవాలి, అప్పుడు రాష్ట్రం దానంతటదే వస్తుంది. నారాయణరావుకి ఫోను చేసి కొత్త ఫ్లెక్సీకి మాటలు కూడా చెప్పేశాడు. మోహిని ఆ వారమంతా గ్రౌండుకి రాలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, కాలేజీ నుంచి మోహిని ఇంటికొచ్చేసరికి ఉన్నట్టుండి వాన పట్టింది. వాకిట్లో ఎండబెట్టిన సావిడాయి చేపల మీద కాంతం ఏదో పెద్ద గుడ్డ కప్పి నాలుగు వైపులా రాళ్ళు పెడుతోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే నారాయణరావు. చేపల మీద చేతులు జోడించి నవ్వుతున్నాడు. వానచినుకులు ఆయన పళ్ళ మీద పడి ఎగురుతున్నాయి. మూలన మోహిని బొమ్మ మీద కాకి ఎప్పుడో తన పని తాను చేసి వెళ్ళిపోయింది.

"అమ్మా! ఇదెక్కడిదే?"

"కూడలిలో ఊడి ఏలాడతంది. కొత్తది కడతారంత కదా, ఇది నాకిచ్చీ అన్నాను. వర్సం వత్తే సేపలు తడిసిపోవా? ఏటి సెయ్యమంతావు?" అంది కాంతం. తరవాత కూతురి మొహం చూసి కాస్త తగ్గి, "మంచి గట్టి గుడ్డేలే," అంది.

మోహినికి నవ్వొచ్చింది. చిన్నగా మొదలైన నవ్వు ఆగలేదు. వానలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. సింహాచలమ్మ గుమ్మంలోకొచ్చి, నడుం నొప్పి తలకెక్కిందని తేల్చింది.

మర్నాడు మోహిని పలాసలో ఢిల్లీరావు ఇంటికెళ్ళింది. ఆయన పడకకుర్చీలోనే ఉన్నాడు. నీలవేణి వంటింట్లో పోపు వేస్తోంది.

"సార్, నా గోలు నానెట్టుకుంతాను."

ఢిల్లీరావు నిటారుగా లేచి కూచున్నాడు. "సాబాష్! సెప్పు. ఒలింపిక్సా, ఏసియన్ గేమ్సా?"

"ఒక్క ఎర్ర కార్డూ పడకుండా పది కిలోమీటర్లూ నడవాలి. అంతే సార్. ఆఖర్న వచ్చినా సరే."

ఆయన మొహం వాడిపోయింది. "ఆఖర్న రావడం గోలేటే? మిలిటరీలో ఇలాటి మాటంతే ఏటి సేత్తారో తెలుసా?"

"ఆఖర్న రావాలని కాదు సార్. వత్తే వచ్చాను అంతన్నాను. గోల్డు నా సేతిలో నేదు కదా. అవతలి గుంటలు ఎంత బేగి నడుత్తారో నాకేటి తెలుసు? నా కాలు లెగడం, లెగకపోడం, అది నా సేతిలో ఉంది."

"కాలు సేతిలో ఉండడమేటి, నీ మొకం."

వంటింట్లోంచి నీలవేణి గరిటె పట్టుకుని వచ్చింది. "పిల్ల సక్కగా సెప్పింది. మీకు పడక ఎగతాలి సేత్తన్నారు. అక్కడికి మీరేదో పెల్లి నాడు ఎట్టుకున్న గోలులన్నీ సాధించినట్టు."

పెళ్ళి నాడు ఆయన ఏ గోలు పెట్టుకున్నాడో మోహినికి తెలియలేదు. ఢిల్లీరావు మాత్రం గబుక్కున చల్లబడ్డాడు. "సరే కానీ," అన్నాడు.

మోహిని ఇంకో షరతు పెట్టింది. నడుస్తున్నంతసేపూ మాస్టారు గోల్డు అన్న మాట ఎత్తకూడదు. అసలు ఏ మాటా ఎత్తకూడదు. కాలు లేచినప్పుడు మాత్రం చెప్పాలి.

ఢిల్లీరావు స్కూటరు మీద పక్కనే నెమ్మదిగా వస్తూ, కళ్ళార్పకుండా ఆమె పాదాలు చూడ్డం మొదలుపెట్టాడు. రెండో సాయంత్రానికే గొడవైంది. ఊరి బయట కల్వర్టు దగ్గర ఎల్లాజీ ఆపాడు. ఎల్లాజీ వేట మానేసిన ముసలాయన. ఊళ్ళో ఆడపిల్లల పరువు కాపాడే పని, ఎవరూ అప్పగించకుండానే, తనే తీసుకున్నాడు. చేతిలో తెడ్డు కూడా ఉంది.

"ఎవుడివి బావూ నువ్వు? మా ఊరి గుంట కాళ్ళకేసి అదేపనిగా సూత్తన్నావు?"

"నాను కోచ్‌ని."

"కోచ్ అంతే రైలుపెట్టె కదా. పెట్టెకి కాల్లతో పనేటి?"

ఢిల్లీరావు నియమాలు వివరించాడు. ఒక కాలు ఎప్పుడూ నేలమీద ఉండాలన్నాడు, అది చూడాలంటే కాలే చూడాలన్నాడు. వివరించిన కొద్దీ ఎల్లాజీ తెడ్డు పైకి లేచింది. చివరికి మార్కెట్ నుంచి వస్తున్న కాంతం ఆటో దిగి, "మా మాస్టారే, ఒగ్గీ మావా," అంటే గాని వదల్లేదు.

మర్నాటి నుంచి స్కూటరు వెనక నీలవేణి ఎక్కింది. ఆవిడ ఒక పక్కకి కాళ్ళు పెట్టి కూచోవడం వల్ల రోడ్డు పక్కన నడిచే మోహిని పాదాలు సరిగ్గా కళ్ళెదుటికి వచ్చేవి. ఢిల్లీరావు రోడ్డుకేసి చూస్తూ బండి నడపాలి, అంతే. మొదట్లో ఆవిడకేమీ తెలిసేది కాదు, ప్రతి అడుగుకీ "లేచింది, లేచింది" అనేది. మోహిని ఫోనులో ఒలింపిక్ నడకలు నెమ్మదిగా తిప్పి చూపించింది. ఇద్దరూ తల్లీకూతుళ్ళలా అరుగు మీద కూచుని, ఎవరి కాలు లేచిందో, ఎవరిది వంగిందో మాట్లాడుకునేవారు. కొన్ని వారాలకి నీలవేణి కన్ను పదునెక్కింది. టీవీలో సీరియల్ నాయిక పరుగున వస్తుంటే కూడా, "దీనికి రెండు కాల్లూ గాల్లోనే ఉన్నాయి," అనేది.

మొదటి రోజులు మోహినికి నరకం. కాలు లేవకుండా నడవాలంటే వేగం తగ్గించాలి. తగ్గిస్తే మేకలు దాటిపోతున్నాయి. కొబ్బరిపీచు మూటతో సైకిలు తోసుకుంటూ పోయే ముసలాయన దాటిపోయాడు, దాటి వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. గుంటూరులో అందరికంటే ముందున్న నేను ఇక్కడ మేకల వెనకున్నానేమిటి అని ఒకరోజు రోడ్డు పక్కన కూలబడింది.

"మానేద్దామా?" అంది నీలవేణి స్కూటరు దిగి.

"మేకలకి ఎర్ర కార్డు ఉంతే బాగుండును పిన్నీ," అంది మోహిని. ఇద్దరూ నవ్వుకున్నారు. ఢిల్లీరావు మాట్లాడకూడదు కాబట్టి హారన్ కొట్టాడు.

తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరితోటల చోట నాటిన మొక్కలు అప్పటికి మనిషెత్తు దాటాయి. ఆ తోటల పక్కన రోజూ నడవగా నడవగా, మోహినికి ఏదో పట్టు దొరికింది. మడమ నేల తాకడం, బరువు బొటనవేలు దాకా దొర్లడం, ఈలోగా రెండో మడమ దిగడం, అన్నీ విడివిడిగా తెలియసాగాయి. నేల వదలకపోవడం అంటే భయపడుతూ నడవడం అనుకునేది ఇన్నాళ్ళూ. అదేం కాదని కాళ్ళకే తెలిసింది. ముందు మేకల్ని దాటింది. తరవాత సైకిలు ముసలాయన్ని దాటింది. ఒకరోజు దారంతా నీలవేణి నోటి వెంట "లేచింది" అన్న మాట రాలేదు. నడక ఆపి చూస్తే ఆవిడ కునుకు తీస్తోంది. ఆ రోజు లెక్కలోకి రాలేదు. మర్నాడు మాత్రం కళ్ళు తెరిచే ఉంది, అప్పుడూ రాలేదు.

మరుసటి ఏడు రాష్ట్ర పోటీలు కాకినాడలో పెట్టారు. నీలవేణి కూడా వస్తానంది, ముగ్గురూ పులిహోర కట్టుకుని రైలెక్కారు. నారాయణరావు ఈసారి ఫ్లెక్సీ వెయ్యలేదు. ఆఖర్న వచ్చినా సరే అనే మాట జీడిపప్పు పక్కన బాగుండదన్నాడు.

పొద్దున్నే పోటీ మొదలైంది. మోహిని కావాలనే వెనక ఉండిపోయింది. ముందు వెళ్ళేవాళ్ళ మడమలు చూస్తూ, తన అడుగు తను వేసుకుంటూ రౌండ్లు తిరిగింది. ఒక్కొక్కరూ అలసిపోయి వెనక్కి జారుతుంటే వాళ్ళని దాటింది. అంతా బాగానే ఉంది. సగం దాటాక మూల మలుపులో ఒక జడ్జీ పాము అట్ట చూపించాడు. మోహిని సర్దుకుంది. మరో రౌండు తిరిగొచ్చేసరికి బోర్డు మీద ఆమె నంబరు పక్కన ఎర్రగా ఒక గుర్తు పడి ఉంది.

ఇంకెన్ని రౌండ్లున్నాయో మర్చిపోయింది. ఒక్కటీ పడకూడదు అనుకుంది కదా. ఇన్నాళ్ళ నడకా దానికోసమే కదా. అది ఇప్పుడే పోయింది. ఇంక మిగతాది నడిచి ఏం చెయ్యాలి? ట్రాకు లోపలి గడ్డి మెత్తగా కనిపించింది. రెండడుగులు పక్కకి వేస్తే చాలు, హాయిగా పడుకోవచ్చు.

కంచె దగ్గరికి వచ్చేసరికి నీలవేణి గొంతు వినిపించింది. "ఒకటే పడిందే! ఇంకా రెండున్నాయి!"

పంక్తిలో గారెలు వడ్డించే మనిషి చెప్పినట్టు చెప్పిందామాట, అంత నమ్మకంగా, అంత ధారాళంగా. మోహినికి ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వుకి బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి. సరే, ఒకటి పడింది, రెండోది పడకుండా చూద్దాం అనుకుంది. అప్పటికప్పుడు, నడుస్తూ నడుస్తూ, అంతకంటే పెద్ద ఆలోచనకి ఊపిరి చాలదు.

ముందున్న వాళ్ళలో ఒకమ్మాయిని మూడు కార్డులతో బయటికి పంపేశారు. ఇంకొకమ్మాయి కడుపు పట్టుకుని ఆగిపోయింది. ఆఖరి రౌండు గంట మోగేటప్పటికి మోహిని నాలుగో స్థానంలో ఉంది. మూడో స్థానంలో నెల్లూరు పిల్ల. ఆమె జడ చివర రిబ్బను కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

అంతవరకూ నోరు కట్టుకున్న ఢిల్లీరావుకి అక్కడ కట్టు తెగింది. "మెడల్! మెడల్ పోతందే! పరిగెత్తే!" అని కంచె ఎక్కబోయాడు. నడక పోటీలో పరిగెత్తమని అరిచిన కోచ్‌ని చూసి పక్కనున్న జిల్లాల వాళ్ళంతా తిరిగి చూశారు. నీలవేణి సంచిలోంచి చేతికందిన పులిహోర ఉండ తీసి ఆయన నోట్లో కుక్కేసింది.

మోహిని వినకుండా ఉండలేదు. విన్నది. ఆమెకీ ఆ రిబ్బను పట్టుకోవాలనే ఉంది. కాలు దానంతటది గాల్లోకి లేవబోతోంది. ఒక్క నాలుగు అడుగులు ఎగిరితే దాటేస్తుంది, కాని ఎదురుగా మలుపులో జడ్జీ నిలబడి పాదాలకేసే చూస్తున్నాడు. మోహిని మడమ నేలకి కొట్టింది. నడుము ఎంత తిరుగుతుందో అంతా తిప్పింది, చేతులు ఎంత ఆడతాయో అంతా ఆడించింది. దూరం తగ్గుతోంది, తగ్గుతోంది. రెండడుగుల దూరం మిగిలుండగా గీత వచ్చేసింది.

నాలుగో స్థానం. పతకం లేదు. బోర్డు మీద ఎర్ర గుర్తు ఒక్కటే.

ఆమె గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ రొప్పింది. ఎవరూ అడ్డంగా రాలేదు, ఎవరూ గెంటెయ్యలేదు. పది కిలోమీటర్లూ తన కాళ్ళతో తను నడిచింది. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. సాయంత్రం నుంచి మాత్రం ఆ రెండడుగులూ గుచ్చుకోవడం మొదలైంది, వారం పాటు గుచ్చుకున్నాయి.

ఆమె ఇంకా గడ్డి మీద ఉండగానే ఢిల్లీరావు మీసానికి అంటుకున్న పులిహోర మెతుకు తుడుచుకోకుండానే జడ్జీల దగ్గరికి నడిచాడు. మళ్ళీ గొడవేనని మోహిని మోచేతుల మీద లేచింది. ఆయన కార్డు రాసిన జడ్జీ ముందు అటెన్షన్లో నిలబడ్డాడు.

"సార్, మా గుంటకి లేచింది ఏ కాలండీ?"

"ఎడమకాలు. మలుపులో మాత్రమే."

"మలుపులోనా," అని ఆలోచించుకుంటూ వెనక్కొచ్చాడు. "మన రోడ్డు తిన్నగా ఉంతాది. మలుపు నేదు. అదీ సంగతి," అన్నాడు. గోల్డు ఊసు ఎత్తలేదు.

తిరుగు రైల్లో నారాయణరావు ఫోను చేశాడు. "ఏటొచ్చింది?"

"నాలుగు."

"నాలుగు గోల్డులా?"

"నాలుగో ప్లేసురా."

"పోన్లే, ఆరోగ్యానికి మంచిదే," అన్నాడు నారాయణరావు.

ఇంటికెళితే కాంతం అడిగింది ఒకటే. "ఈసారి మద్దెలో గెంటీనేదు కదా?"

"నేదమ్మా."

"మరింకేటి. కూకో, తిను," అని కంచంలో చేపల పులుసు పోసింది.

ఆ తరవాత గ్రౌండులో ఢిల్లీరావు అందరికీ ఒకే రకం గోలు పెట్టడం మానేశాడు. మానేశాడంటే పూర్తిగా కాదు, సూర్యుడికి ఎదురుగా అరవడం అప్పుడప్పుడూ ఉండేది. ఆ ఏడంతా మోహిని గుండ్రంగా తిరిగే దారి వెతుక్కుని, కొబ్బరితోటల చుట్టూ మలుపులు నడిచింది. ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో ఆమెకి కంచు పతకం వచ్చింది. దాని తరవాతి పోటీలో మళ్ళీ మూడు కార్డులతో బయటికి పంపేశారు. ఈసారి ఏడవలేదు, అరటిపండు తింటూ మిగతా వాళ్ళ నడక చూసింది.

నీలవేణి ఇంకో దారి పట్టింది. శ్రీకాకుళంలో నడక జడ్జీలకి శిక్షణ ఇస్తున్నారని విని, మొగుడికి చెప్పకుండా పేరిచ్చింది. వెళ్ళింది, నేర్చుకుంది, పరీక్ష రాసింది, పాసైంది. జిల్లా పోటీలనాడు చీర మీద తెల్ల టోపీ పెట్టుకుని, చేతిలో పసుపు అట్టతో మలుపులో నిలబడింది. ఢిల్లీరావు కంచె దగ్గర నుంచి చూసి, కూడా వచ్చిన కుర్రాళ్ళందరికీ, "ఆవిడ మా ఆవిడే," అని చెప్పుకున్నాడు.

ఆ పోటీలో మోహినే మొదట వచ్చింది. బోర్డు మీద ఎర్ర కార్డు ఒకటి పడింది. రాసింది నీలవేణి.

బస్సులో వస్తుంటే ఢిల్లీరావుకి కడుపు మండిపోతోంది. "రోజూ మన సేతి కూడు తిన్న గుంట. దానికి కార్డు రాయడానికి నీకు సెయ్యెలా వచ్చిందే?"

"కాలు లేచిందండీ."

"లేత్తే? నువ్వు సూడకపోతే ఏటి పోయింది?"

"సూడ్డానికే కదా నన్నక్కడ నిలబెట్టారు," అంది నీలవేణి. టోపీ ఇంకా తీయలేదు.

మోహిని కిటికీ పక్కన కూచుని వేరుశనగకాయలు ఒలుచుకుంటోంది. "నిజంగానే లేచింది సార్. నాకూ తెలిసింది," అని, ఒలిచిన గింజలు నీలవేణి చేతిలో పోసింది.

ఢిల్లీరావు ఇద్దరికేసీ మార్చి మార్చి చూసి, టెక్కలి వచ్చేదాకా గొణుగుతూనే ఉన్నాడు.